కుందేలు వీపు, కూలీ చెయ్యి
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, రామచంద్రపురం)



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆయన ఈ నేల మనిషి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అత్తవారి ఊరు అనపర్తి, ఇక్కడికి ఎంతో దూరం కాదు. 1923లో ఆయన అమెరికా వెళ్ళడానికి డబ్బు కూడా గోదావరి తీరం నుంచే సమకూరింది. మామగారు కొంత సాయం చేశారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాగా నిలిచింది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి ఆయన వయసు యాభై మూడు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, చిన్నపిల్లల రక్తకేన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టిన అమినోప్టెరిన్ అన్నీ ఆయన నడిపించిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చినవే.

అన్నిటి గురించీ చెప్పుకోవడానికి ఒక సాయంత్రం చాలదు. ఈ రోజు విషయానికి కావలసినవి రెండే.

మొదటిది 1925 నాటిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి రూపొందించారు. ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉందో, తెలిసిన నమూనాతో పోల్చి లెక్క కడతారు. రెండోది 1947 నాటి హెట్రజాన్. దాని రసాయన నామం డైఇథైల్‌కార్బమజీన్. ఏళ్ళ తరబడి ఆరోగ్య కార్యకర్తలు గడపగడపకూ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర అదే. డెల్టాలో ఆ మాత్ర ఎరగని ఇల్లు ఉండదు. అది ఫైలేరియా పురుగు మీద పనిచేస్తుందని మొదట తేలింది కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో, ఆ తర్వాత కుక్కల్లో.

అందువల్ల ఈ వేదిక మీద నిలబడి జంతువుల మీద ప్రయోగాలన్నీ పాపమని కొట్టిపారేయడం ఆయనకు చేసే న్యాయం కాదు. ఎంత జీవహింసకైనా శాస్త్రం పేరు చాలునని చెప్పడమూ న్యాయం కాదు. అడగవలసిన ప్రశ్నలు రెండు. జంతువు మీద చేసే పరీక్ష నిజం చెబుతోందా? చెప్పిన నిజం ఎవరికి చేరుతోంది?

ఈ ప్రశ్నలను ఒక్క పరీక్షకు వేసి చూద్దాం. పరిశ్రమల్లో తయారైన రసాయనం చర్మాన్ని మండిస్తుందా లేదా అని తేల్చడానికి ఎనభై ఏళ్ళుగా కుందేలు వీపును వాడుతున్నారు. ఆ పరీక్ష పుట్టడానికి కారణం సబబైనదే. కానీ దాని జవాబు మనం అనుకున్నంత గట్టిది కాదు. ఆ జవాబైనా చేతులు మండే మనిషి దాకా రావడం లేదు. ఈ రెండు లోపాలనూ కలిపి సరిచేయాలన్నది ఈ ఉపన్యాసం వాదం.

ఒకటి

1933 ప్రాంతంలో అమెరికాలో కనురెప్పలకు, కనుబొమలకు వేసుకునే 'లాష్ ల్యూర్' అనే రంగు అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నది పారాఫినైలిన్ డైఅమీన్. వేసుకున్న ఆడవాళ్ళకు కళ్ళు వాచి, పుళ్ళుపడి, చూపు దెబ్బతింది. ఒకామె ప్రాణమే పోయింది. అప్పటి చట్టంలో అలంకరణ సామగ్రి అన్న మాటే లేదు కాబట్టి ప్రభుత్వం ఆ సీసాను దుకాణం నుంచి తీయించలేకపోయింది. (మన ఊళ్ళలో తలకు వేసుకునే నల్లరంగుల్లో చాలావాటిలో ఈ రసాయనం ఇప్పటికీ ఉంది. రెండు రోజుల ముందు కొంచెం రాసి చూసుకోమని డబ్బా మీద రాసేది అందుకే. సభలో ఉన్నవాళ్ళు ఆ సూచనను దాటేయవద్దని మనవి.)

1937లో సల్ఫనిలమైడ్ ఎలిక్సిర్ తాగి వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది, 1938లో, ఆహారం, మందులు, అలంకరణ సామగ్రి అన్నిటికీ కలిపి అమెరికా గట్టి చట్టం తెచ్చింది. చట్టం వచ్చాక కొలత కావాలి. ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థలో పనిచేసే జాన్ డ్రెయిజ్, తన సహచరులతో కలిసి 1944లో ఆ కొలతను ప్రచురించాడు. ప్రపంచమంతా దాన్ని డ్రెయిజ్ పరీక్ష అంటుంది.

ఇది క్రూరత్వం నుంచి పుట్టిన పరీక్ష కాదు. పరీక్షించకుండా అమ్మినప్పుడు పరీక్ష ఆగదు, అది కొనుక్కున్న మనిషి ఒంటి మీద జరుగుతుంది. ఆ సంగతి గుర్తించినవాళ్ళు పెట్టిన కట్టడి ఇది.

రెండు

పరీక్ష ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎవరి తరఫున మాట్లాడినా, జరిగేదేమిటో తెలియకుండా మాట్లాడకూడదు.

ఎంచుకునేది తెల్లకుందేలు. ఒక రోజు ముందు దాని వీపు మీద బొచ్చు కత్తిరిస్తారు. మర్నాడు ద్రవమైతే అర మిల్లీలీటరు, పొడి అయితే అర గ్రాము తడిపి, ఆరు చదరపు సెంటీమీటర్ల గాజుగుడ్డ పట్టీ కింద చర్మానికి ఆనించి కడతారు. నాలుగు గంటలు ఉంచి, విప్పి, మిగిలింది కడిగేస్తారు. పట్టీ విప్పిన గంట తర్వాత ఒకసారి, 24, 48, 72 గంటలకు ఒక్కోసారి చూస్తారు. అవసరమైతే పద్నాలుగు రోజుల దాకా చూస్తూ ఉంటారు. ఎర్రదనానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, వాపుకు మరో నాలుగు. చర్మం ముదురు ఎరుపెక్కి పక్కు కట్టే దశకు వస్తే ఎరుపుకు నాలుగు. వాపు ఒక మిల్లీమీటరుకు మించి లేచి, పట్టీ వేసిన చోటు దాటి పాకితే వాపుకు నాలుగు. మూడు కుందేళ్ళలో కనీసం రెండింటికి సగటు 2.3 గానీ ఆపైన గానీ వస్తే ఆ రసాయనం చర్మాన్ని మండించే జాబితాలోకి చేరుతుంది.

డ్రెయిజ్ మొదట చెప్పింది ఆరు కుందేళ్ళు, ఇరవై నాలుగు గంటల పట్టీ. కొంత చోట చర్మాన్ని గీరి కూడా పరీక్షించేవారు. ఇప్పుడున్న రూపం ఓఈసీడీ అనే దేశాల కూటమి 1981లో ఖాయం చేసిన 404వ మార్గదర్శిక. తర్వాత దాన్ని పలుసార్లు సవరించారు. నేటి సవరణ ప్రకారం ముందు ఒకే కుందేలు మీద చూడాలి. అంతకన్నా ముందు కాగితాలు తిరగేయాలి: మనుషులకు ఏం జరిగిందో ఇప్పటికే తెలుసా, దాన్ని పోలిన రసాయనాల సంగతేమిటి, పీహెచ్ 2 గానీ అంతకు తక్కువ గానీ, లేదా 11.5 గానీ అంతకు ఎక్కువ గానీ ఉందా అని. ఉంటే అది చర్మాన్ని తినేస్తుందనే అనుకుని జంతువు జోలికి పోకూడదు. ఈ ముందుమెట్లే ఆ పత్రంలో అన్నిటికన్నా విలువైనవి. చివరికొచ్చేసరికి మళ్ళీ వీటి దగ్గరికే రావాలి.

మూడు

ఇక జవాబు సంగతి. 1971లో వెయిల్, స్కాలా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకే రకం రసాయనాలను ఇరవైకి పైగా ప్రయోగశాలలకు పంపి కంటికి, చర్మానికి డ్రెయిజ్ పరీక్ష చేయించారు. ఒక ప్రయోగశాల దాదాపు ఏమీ లేదన్న పదార్థాన్నే మరో ప్రయోగశాల తీవ్రమైనదిగా లెక్కగట్టింది. కారణం కుందేలులో కొంత ఉంది, చూసేవాడి కంటిలో చాలా ఉంది. "లేత ఎరుపు", "స్పష్టమైన ఎరుపు" అన్న తేడా చూసే మనిషిని బట్టి మారుతుంది. రంగును నమూనాతో పోల్చి అంకెలో చెప్పాలని 1925లోనే పట్టుబట్టిన మనిషి స్మృతిసభలో ఈ లోపం తేలిగ్గా తీసుకోదగింది కాదు.

కుందేలు చర్మం మన చర్మం కాదు కూడా. అది పలచన, బొచ్చు కుదుళ్ళు దట్టం, రసాయనాలు తేలిగ్గా లోపలికి ఇంకుతాయి. 2010లో చెక్ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి కుందేలు పరీక్షలో మండించేవిగా తేలిన 16 రసాయనాలను, ఒప్పుకున్న మనుషుల చర్మం మీద జాగ్రత్తగా నాలుగు గంటల పట్టీ వేసి చూసింది. మనుషుల్ని చెప్పుకోదగ్గంతగా మండించినవి అయిదే. మనకు హాని లేనివాటిని కుందేలు ఎక్కువ చేసి చూపితే నష్టమేముంది అనిపించవచ్చు. నష్టం ఉంది. అన్ని డబ్బాల మీదా ఒకే హెచ్చరిక ఉంటే నిజంగా మండించేదాని మీది హెచ్చరికను ఎవరూ చదవరు.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి. తెల్లకుందేలు మీద నాలుగు గంటలు, ఒకే ఒక్కసారి. సార్వా ఊడుపుల్లో ఆడకూలీ కాళ్ళు రోజంతా బురదనీళ్ళలో నానుతాయి. వేళ్ళ సందులు ఒరిసి ఉంటాయి. చెమట, ఎండ, ఎరువు, కలుపుమందు ఒకదాని మీద ఒకటి. ఇదంతా ఒక రోజుతో పోదు, వారాల తరబడి జరుగుతుంది, దాళ్వాకు మళ్ళీ మొదలవుతుంది. పొడిగా, ఆరోగ్యంగా ఉన్న చర్మానికి వచ్చే జవాబు ఈ కాళ్ళకు వర్తిస్తుందా? పైగా మార్కుల్లో సగం ఎర్రదనానికే వేస్తారు. మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు తొలిదశలో సరిగా కనపడదు. ఆమెకు మంట తెలుస్తుంది, ఎదుటివాడికి ఏమీ తెలియదు.

జంతువు వద్దంటే దిక్కులేని మనుషుల మీదికి పోయిన చరిత్ర కూడా ఉంది. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో 1950ల నుంచి 1974 దాకా ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు ఖైదీల వీపుల మీద రకరకాల రసాయనాల పట్టీలు వేయించాడు. తెల్లకుందేలు స్థానంలోకి నల్లజాతి ఖైదీ వచ్చాడు. అటువంటి మార్గాన్ని ప్రత్యామ్నాయం అని ఎవరూ పిలవకూడదు.

నాలుగు

చట్టం సంగతి క్లుప్తంగా. నృత్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతుహింసకు వ్యతిరేకంగా బిల్లు తెచ్చారు. దాని ఫలితంగా ప్రభుత్వమే 1960లో జంతుహింస నివారణ చట్టం చేసింది. ప్రయోగాల మీద నిఘాకు 1964లో ఒక కమిటీ ఏర్పడింది, 1998లో దానికి నియమాలు వచ్చాయి. నేడు ప్రతి ప్రయోగశాలలోనూ జంతువుల నైతిక కమిటీ ఒప్పుకోనిదే పని మొదలుకాదు. 2014 మే నుంచి మన దేశంలో అలంకరణ సామగ్రిని జంతువుల మీద పరీక్షించడం నిషేధం, ఆ నవంబరు నుంచి అలా పరీక్షించినవాటి దిగుమతి కూడా నిషేధం.

అయితే ఈ నిషేధం పౌడరుకు, లిప్‌స్టిక్‌కు వర్తిస్తుంది. రంగుల ఫ్యాక్టరీ ద్రావణానికి, మందుల తయారీలో మధ్యలో పుట్టే రసాయనానికి, పురుగుమందుకు వర్తించదు. ప్రజల సానుభూతి సబ్బు దగ్గర ఆగిపోయింది. 1980లో హెన్రీ స్పైరా న్యూయార్క్ టైమ్స్‌లో పేజీడు ప్రకటన వేసి రెవ్లాన్ కంపెనీని నిలదీసినప్పటి నుంచీ ఉద్యమాల చూపు సౌందర్య సాధనాల మీదే ఉంది. పరిశ్రమల రసాయనాలకు మార్పు తెచ్చింది వాణిజ్యం. యూరప్‌కు ఏడాదికి టన్నో అంతకుమించో రసాయనం అమ్మాలంటే 2007 నుంచి అమలైన రీచ్ చట్టం కింద నమోదు చేయించాలి. హైదరాబాద్, విశాఖ కంపెనీలకు ఇది రోజువారీ వ్యవహారం. 2016లో ఆ చట్టాన్ని సవరించి, చర్మపు మంటకు ముందుగా చేయవలసింది గాజుపాత్రలో పరీక్షేనని, కుందేలు చివరి దారి మాత్రమేనని ఖాయం చేశారు.

అయిదు

గాజుపాత్రలో పరీక్ష అంటే ఏమిటి? శస్త్రచికిత్సల్లో తీసేసిన చర్మం నుంచి, దాతల అనుమతితో, మనిషి కణాలు సేకరిస్తారు. వాటిని పోషకద్రవం మీద, పైభాగం గాలికి తగిలేలా పెంచుతారు. కొద్దిరోజుల్లో అవి పొరలు పొరలుగా పేరి, పైన మృతకణాల కవచంతో సహా మన పైచర్మం లాంటిది తయారవుతుంది. పావలా కాసు కన్నా చిన్న ముక్క. దాని మీద రసాయనం వేసి, నిమిషాల లెక్కన ఉంచి, కడిగి, నలభై రెండు గంటలు ఆగుతారు. తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం కలుపుతారు. బతికున్న కణం దాన్ని ఊదారంగుకు మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా ఉందో యంత్రం అంకెలో చెబుతుంది. సగం గానీ అంతకన్నా తక్కువ గానీ కణాలు బతికితే ఆ రసాయనం మండించేది. 2010లో ఓఈసీడీ దీన్ని 439వ మార్గదర్శికగా ఆమోదించింది.

పసుపు ఊదాగా మారడాన్ని కొలిచే ఈ పద్ధతికీ, ద్రవం నీలంగా మారడాన్ని కొలిచిన సుబ్బారావు గారి పద్ధతికీ ఉన్న చుట్టరికం విద్యార్థులు గమనించాలి. రెండింటిలోనూ తీర్పు చూసే మనిషి అభిప్రాయం నుంచి రంగు కొలతకు మారింది.

లోపాలు దీనికీ ఉన్నాయి. ఆ ముక్కలో రక్తనాళాలు లేవు, రోగనిరోధక కణాలు లేవు. ఒక్కసారి తగిలితే ఏమవుతుందో చెబుతుంది, నెలరోజులు తగిలితే ఏమవుతుందో చెప్పదు. ఎలర్జీ సంగతి దీనితో తేలదు, దానికి వేరే పరీక్షలున్నాయి. మన దగ్గర మరో చిక్కు సరఫరా. బాగా వాడకంలో ఉన్న కృత్రిమ చర్మాలు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో, స్లొవేకియాలో తయారవుతాయి. అవి ప్రాణమున్న కణజాలాలు. చల్లదనం చెడకుండా కొద్దిరోజుల్లో చేరాలి. కస్టమ్స్ గోదాములో ఆలస్యమైతే పనికిరావు. అప్పుడు ప్రయోగశాల మళ్ళీ కుందేలు పంజరం వైపే చూస్తుంది.

ఈ పని హైదరాబాద్‌లో జరగగలదు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రంలో మానవ కణాల నమూనాల మీద పనిచేసే విభాగం మొదలైంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా దేశానికి నాణ్యమైన ప్రయోగ జంతువులను అందించింది. జంతువుల పెంపకానికి పెట్టిన శ్రద్ధలో కొంత కృత్రిమ చర్మం పెంపకానికి పెడితే, మన ఎండకు అలవాటైన మన జనం చర్మకణాలతోనే నమూనాలు తయారుచేసుకోవచ్చు. వాటిని తడిపి, చెమటలాంటి ఉప్పునీరు వేసి, మళ్ళీమళ్ళీ రసాయనం తగిలించి చూడవచ్చు. కుందేలు ఎన్నడూ ఇవ్వని జవాబు అక్కడ దొరికే అవకాశం ఉంది.

ఆరు

ఇప్పుడు రెండో ప్రశ్న: జవాబు ఎవరికి చేరుతోంది?

నాట్లు వేసిన కొద్దిరోజులకు డెల్టా చేలల్లో బ్యూటాక్లోర్ లాంటి కలుపుమందు చల్లుతారు. ఎకరానికి లీటరు, లీటరున్నర. ఇరవై, ఇరవై అయిదు కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లమని సిఫార్సు. చాలాచోట్ల ఆ కలపడం, చల్లడం ఉత్తచేతుల్తోనే. రైతు చూసే గుర్తు డబ్బా మీది రంగు త్రిభుజం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నాటి క్రిమిసంహారక నియమాల ప్రకారం ఆ రంగు తేలేది ఒకే లెక్క మీద: ఎంత మోతాదు మింగితే, లేదా ఒంటి ద్వారా ఇంకితే, ప్రయోగ జంతువుల్లో సగం చనిపోతాయి అన్నది. ఆ రంగులో చర్మపు మంటకు చోటు లేదు. ఆకుపచ్చ త్రిభుజం ఉన్న మందు చేతుల్ని మండించదని ఎవరూ హామీ ఇవ్వలేదు, కానీ ఆకుపచ్చ చూసిన రైతు అలాగే అర్థం చేసుకుంటాడు.

మందు నమోదు కావాలంటే కంపెనీ చర్మపు మంట పరీక్ష ఫలితం కూడా దాఖలు చేయాలి. అంటే కుందేలు వీపు మీద మార్కులు వేశారు, ఫరీదాబాద్‌లోని రిజిస్ట్రేషన్ కమిటీకి పంపారు. ఫైలు అక్కడుంది. రామచంద్రపురం దుకాణంలో డబ్బా కొన్నవాడికి మిగిలేది చర్మానికి తగలనివ్వవద్దన్న చిన్నక్షరాల వాక్యం. ఒక ప్రాణిని బాధపెట్టి రాబట్టిన సమాచారం ఎవరికోసమో వాళ్ళకే అందకపోతే ఆ బాధకు సమర్థన ఏమిటి? కుందేళ్ళ మీద దయ ఉన్నవాళ్ళూ, కూలీల మీద దయ ఉన్నవాళ్ళూ ఒకే గదిలో కూర్చోవలసింది ఇక్కడే.

జీడి సంగతి చూడండి. కోనసీమలో మోరి జీడిపప్పుకు పేరు. జీడిగింజ పెంకులో ఉండే నూనె బ్రేకు లైనింగులకు, రంగులకు, రెజిన్లకు వాడే పారిశ్రామిక రసాయనం. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాల్చి నల్లబరుస్తాయి. రజకులు బట్టల మీద గుర్తులకు వాడే నల్లజీడిదీ అదే కుటుంబం, అదే మంట. జీడి పరిశ్రమ ఉన్న ప్రతిచోటా ఆడవాళ్ళు చేతులకు నూనో బూడిదో పూసుకుని గింజ కొడతారు. ఈ రసాయనం మండిస్తుందా అని ఏ కుందేలునూ అడగనక్కర లేదు. జవాబు ఆ అరచేతుల్లో తరాలుగా ఉంది. 404వ మార్గదర్శిక మొదటిమెట్టు అడిగేది సరిగ్గా ఇదే: మనుషుల అనుభవం ముందు చూడండి అని. మన దగ్గర అనుభవానికి లోటు లేదు, దాన్ని రాసిపెట్టిన రికార్డే లేదు.

రాసిపెట్టమని చట్టం చెప్పింది కూడా. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో, రసాయనాలు, రంగులు తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధి ఉండేది. మంట పుట్టించేవి, ఎలర్జీ తెచ్చేవి అని రెండు రకాలుగా విడదీసి మరీ రాశారు. దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోనూ ఆ జాబితా కొనసాగింది. కానీ వరిచేను ఫ్యాక్టరీ కాదు. ఊడుపుల కూలీ కాళ్ళు, కలుపుమందు చల్లిన చేతులు ఆ జాబితా బయటే ఉన్నాయి.

ఈ సభలో వైద్యులున్నారు కాబట్టి వారికి ఒక విన్నపం. ఆగస్టులో, మళ్ళీ జనవరిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దురద, దద్దుర్లు, పుళ్ళతో వచ్చినవారికి ఆయింట్‌మెంట్ రాసిచ్చేటప్పుడు ఓపీ పుస్తకంలో మూడు వివరాలు చేర్చండి: ఏ మందు పట్టుకున్నారు, ఎన్ని రోజులు, చేతికి తొడుగు ఉందా లేదా. మందు పేరు తెలియకపోతే డబ్బా తెమ్మనండి. ఈ మండలంలో నాలుగు పంటకాలాలు అలా రాస్తే, ఏ రసాయనం మన చర్మాన్ని ఏం చేస్తోందో చెప్పే కాగితం తయారవుతుంది. దుకాణదారులకు కూడా ఒక మాట. కలుపుమందు డబ్బాతో పాటు రబ్బరు తొడుగుల జత కూడా ఇవ్వండి, దాని ధర విడిగా బిల్లులో వేయండి. కళాశాల విద్యార్థులు ఆ ఓపీ వివరాలను ఏటా పోగుచేసి, ఒక ప్రతి జిల్లా వ్యవసాయాధికారికి, మరో ప్రతి ఫరీదాబాద్‌కు పంపే బాధ్యత తీసుకోవాలని, వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి ముందు ఆ లెక్కను ఇదే వేదిక మీద చదవాలని కోరిక.